బొమ్మ వైపు పెరిక్లీస్

గ్రీసులో 1976లో చెలామణిలోకి వచ్చిన ఇరవై డ్రాక్మాల నాణెం అరుదైన సరుకేమీ కాదు. లెక్కకు మిక్కిలిగా ముద్రించారు. పాత నాణేలు అమ్మేవారి దగ్గర, ఏ దేశానివో ఏరకుండా గుమ్మరించిన డబ్బాల్లో కూడా దొరుకుతుంది. రాగి, నికెల్ కలిపిన లోహం. 11 గ్రాముల బరువు, 29 మిల్లీమీటర్ల అడ్డుకొలత. 1970ల నాటి మన పెద్ద రూపాయి బిళ్ల పక్కన పెడితే ఒక పిసరు పెద్దగా ఉంటుంది, చేతికి ఇంకా బరువుగా తగులుతుంది. ఒకవైపు శిరస్త్రాణం పెట్టుకున్న గడ్డపు మనిషి, రెండోవైపు పార్థినాన్ ఆలయం. ఆ మనిషి క్రీ.పూ. అయిదో శతాబ్దపు ఏథెన్స్ నాయకుడు పెరిక్లీస్. కొత్తగా నాణేల సేకరణకు దిగినవారికి మొదట ఏ విదేశీ నాణెం కొనమని చెప్పాలంటే, ఖరీదైన వెండి నాణేలన్నీ పక్కనపెట్టి దీన్నే చూపించాలి.

ఎందుకంటే ఇది చదివించే నాణెం. దీని ముందు తరాన్ని వరసగా పేర్చి చూడండి. 1960ల చివరి నాణేల మీద రాజు రెండో కాన్‌స్టంటైన్ తల ఉంటుంది. 1967 ఏప్రిల్‌లో సైనికాధికారులు అధికారం లాక్కున్నారు. అదే ఏడాది డిసెంబరులో రాజు దేశం విడిచి వెళ్లిపోయాడు. 1973లో సైనిక ప్రభుత్వం రాజరికాన్ని రద్దు చేసి, నాణేల మీద ఫీనిక్స్ పక్షిని ఎక్కించింది. ఆ ఏటి ఇరవై డ్రాక్మాల మీద పక్షికి రెండోవైపు ఎథీనా దేవత తల. మరుసటి ఏడాది జులైలో ఆ ప్రభుత్వం కూలింది. 1974 డిసెంబరు 8న జరిగిన ప్రజాభిప్రాయ సేకరణలో రాజరికం వద్దని జనమే తేల్చారు.

ఇక నాణెం మీద ఎవరిని పెట్టాలి? రాజు లేడు, సైన్యం పక్షి పోయింది. 1976 వరసలో దొరికిన జవాబు ముచ్చటైనది. ఒక డ్రాక్మా మీద స్వాతంత్ర్య సమరంలో నౌకలు నడిపిన కనారిస్, రెండింటి మీద అదే పోరాటంలో సేనాని కరాయిస్కాకిస్. అయిదింటి మీద అరిస్టాటిల్. పదింటి మీద డెమోక్రిటస్, ఆయన వెనకవైపు అణువు బొమ్మ. ఇరవై మీద పెరిక్లీస్. 1980లో వచ్చిన యాభై డ్రాక్మాల మీద శాసనకర్త సోలోన్. ఏడేళ్లు ఎన్నికలు లేకుండా బతికిన దేశం, ఏటేటా ఓటు అడిగి గెలిచిన మనిషిని జేబులో వేసుకుని తిరగడం మొదలుపెట్టింది. పెరిక్లీస్ క్రీ.పూ. 443 నుంచి వరసగా ఎన్నో ఏళ్లు స్ట్రాటెగోస్‌గా, అంటే సేనానాయకుడిగా, ఎన్నికవుతూ వచ్చాడు. 430లో అదే జనం ఆయన్ని పదవి నుంచి దించి జరిమానా వేశారు. తిరిగి వాళ్లే ఎన్నుకున్నారు. 429లో ఏథెన్స్‌ను ఊడ్చేసిన మహమ్మారిలో ఆయన చనిపోయాడు.

నాణెం మీది ముఖం ఎక్కడిదన్నది ఇంకో కథ. క్రీట్ ద్వీపానికి చెందిన క్రెసిలాస్ అనే శిల్పి పెరిక్లీస్ విగ్రహం చేశాడని రోమన్ రచయిత ప్లినీ రాశాడు. అసలుది మిగల్లేదు. దాన్ని చూసి రోమన్ కాలంలో చెక్కిన పాలరాతి ప్రతులు మాత్రం ఉన్నాయి. వాటిలో ఒకటి వాటికన్‌లో, ఇంకొకటి బ్రిటిష్ మ్యూజియంలో ఉంది. వాటికన్ శిల్పం మీద ఆయన పేరు, తండ్రి పేరు, ఊరి పేరు చెక్కి ఉండబట్టే ఈ ముఖం పెరిక్లీస్‌దని మనకు తెలిసింది. తలమీది శిరస్త్రాణానికి గ్రీకు రచయిత ప్లూటార్క్ చెప్పిన కారణం సరదాగా ఉంటుంది. పెరిక్లీస్ తల పొడుగ్గా సాగి ఉండేదట, హాస్యనాటకాలవాళ్లు అడవి ఉల్లిగడ్డతో పోల్చి ఆటపట్టించేవారట, అందుకే శిల్పులు దాన్ని కప్పేశారట. ప్లూటార్క్ అయిదు వందల ఏళ్ల తర్వాతివాడు. శిరస్త్రాణం సేనానాయకుడి పదవికి గుర్తు అన్న మాటే ఎక్కువ నమ్మదగ్గది.

పెరిక్లీస్ బతికుండగా ఏథెన్స్ నాణెం మీద ఆయన బొమ్మ వేసే ప్రశ్నే లేదు. ఆనాటి వెండి టెట్రాడ్రాక్మా మీద ఒకవైపు ఎథీనా, రెండోవైపు గుడ్లగూబ. లారియన్ గనుల వెండితో ముద్రించిన ఆ నాణెం మధ్యధరా తీరమంతా తిరిగింది. దాని గుడ్లగూబ ఇప్పటికీ గ్రీసు ఒక యూరో నాణెం మీద కూర్చునే ఉంది. బతికున్న మనిషి రూపాన్ని పవిత్రమైన చోట పెట్టడం ఆ నగరానికి ఎంత గిట్టేది కాదో ప్లూటార్క్ చెప్పిన మరో సంగతిలో కనిపిస్తుంది. పార్థినాన్‌లోని ఎథీనా విగ్రహం డాలు మీద తన పోలికను, పెరిక్లీస్ పోలికను ఇరికించాడని శిల్పి ఫిడియాస్ మీద అభియోగం వచ్చింది.

పాలకుల ముఖాలు నాణేలకెక్కడం అలెగ్జాండర్ తర్వాతే బాగా వ్యాపించింది. ఇండో-గ్రీకు రాజుల ద్వారా ఆ పద్ధతి మన దేశానికి వచ్చింది. పశ్చిమ క్షాత్రపులు దాన్ని అందుకున్నారు, వారి తర్వాత శాతవాహనులు. యజ్ఞశ్రీ శాతకర్ణి ముఖమున్న వెండి నాణెం చూసిన తెలుగు సేకర్తకు గ్రీకు నాణెం పూర్తిగా పరాయిది అనిపించదు.

ఇరవై డ్రాక్మాల్లో రెండు రకాలున్నాయి. 1976–80 మధ్యవాటి మీద డ్రాక్మా బహువచనం గ్రాంథిక గ్రీకులో ‘డ్రాక్మై’ అని ఉంటుంది, 1982–88 మధ్యవాటి మీద వ్యావహారికంలో ‘డ్రాక్మెస్’ అని. 1976లో వ్యావహారికం చదువులకెక్కింది, కొన్నేళ్లకు ఆ మార్పు నాణెం దాకా దిగింది. గిడుగు రామమూర్తి పోరాటం తెలిసిన తెలుగువారు ఈ తేడాను ఇట్టే పట్టుకుంటారు. 1990లో ఇరవై డ్రాక్మాల నాణెం చిన్నదై పసుపురంగు లోహంలోకి మారింది, దాని మీదికి కవి సొలొమోస్ వచ్చాడు.

ఈ నాణేన్ని ఆరాధనగా మాత్రమే చూస్తే సగమే చూసినట్టు. జ్యూరీలో కూర్చునే పేదలకు రోజుకూలి ఇప్పించిన పెరిక్లీసే, తల్లి తండ్రి ఇద్దరూ ఏథెన్స్‌వారైతేనే పౌరసత్వమని క్రీ.పూ. 451లో చట్టం తెచ్చాడు. స్త్రీలకు, బానిసలకు ఓటు లేదు. మిత్రనగరాలు కట్టిన కప్పం ఏథెన్స్ కట్టడాలకు ఖర్చవుతోందని ఆయన్ని నిలదీసినవారు ఆ రోజుల్లోనే ఉన్నారు. బొరుసు వైపున్న పార్థినాన్‌ను చూసేటప్పుడు ఆ సొమ్ము సంగతి కూడా తలుచుకోవాలి.

యూరో వచ్చినప్పుడు మారకం రేటు 340.75 డ్రాక్మాలకు ఒక యూరో. అంటే పెరిక్లీస్ విలువ ఆరు సెంట్ల లోపే. 2004 మార్చి 1 తర్వాత గ్రీసు కేంద్రబ్యాంకు కూడా ఈ నాణేలను తీసుకోవడం మానేసింది. ఇప్పుడిది కేవలం సేకర్తల సొత్తు, కాబట్టి కాపాడే బాధ్యతా వాళ్లదే. దొరికితే అంచులు పట్టుకుని ఎత్తండి. రాగి చెంబు తోమినట్టు చింతపండు పెట్టి తోమకండి. తోమితే పోయిన పైపొర మళ్లీ రాదు. మెత్తటి పీవీసీ కవర్లలో ఏళ్ల తరబడి ఉంచితే పచ్చటి జిగురు పడుతుంది, వాటిని వాడకండి. కొనేటప్పుడు ‘డ్రాక్మై’ ఒకటి, ‘డ్రాక్మెస్’ ఒకటి, రెండూ తీసుకోండి.