నైట్ షిఫ్టు వీధిలో కోడిపుంజు

పెరట్లో నాలుగు పెట్టల్ని పెంచుకుందామనుకునేవాళ్లు మా భిలాయ్ సుపేలాలో నన్ను మొదట అడిగేది ఇదే: పుంజు లేకపోతే గుడ్లు పెడతాయా? పెడతాయి. పెట్ట ఈడుకొచ్చి, పగటి వెలుతురు చాలినంత ఉండి, తౌడూ నూకలూ పురుగూ పుట్రా కడుపునిండా దొరికితే గుడ్డు దానంతటదే దిగుతుంది. పుంజు తొక్కితే ఆ గుడ్డుకి పిల్లయ్యే శక్తి వస్తుంది, అంతే. పలాస, టెక్కలి వైపు నుంచి వచ్చిన మా పెద్దవాళ్లు ఈ మాట ఓ పట్టాన నమ్మరు. పుంజు లేని పెరడు వాళ్లు చూసి ఉండరు మరి.

ఊళ్లో ఈ ప్రశ్నే పుట్టదు. ఒక ఇంటి పుంజు వీధి పెట్టలన్నిటికీ సరిపోతుంది, దాని కూతకి ఊరంతా లేస్తుంది. ఇక్కడ అలా కాదు. 1959 ఫిబ్రవరిలో రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ ఇక్కడి ఉక్కు కర్మాగారంలో తొలి బ్లాస్ట్ ఫర్నేస్‌ని ప్రారంభించినప్పటి నుంచి భిలాయ్ మూడు షిఫ్టుల ఊరు. పట్టాలకి అవతల టౌన్‌షిప్ క్వార్టర్లలోనైనా, ఇవతల సుపేలా సందుల్లోనైనా, ఏ వేళలో చూసినా ఎవరో ఒకరు నిద్రపోతూ ఉంటారు. గోడకి గోడ ఆనుకున్న ఇళ్లు మావి.

పుంజు తెల్లవారుజామున ఒక్కసారి కూసి ఊరుకుంటుందనుకుంటే పొరపాటు. జపాన్‌లో నగోయా విశ్వవిద్యాలయం వాళ్లు 2013లో దీన్ని పరీక్షగా చూశారు. రాత్రీ పగలూ తెలియకుండా ఒకే మసక వెలుతురులో ఉంచినా, లోపలి గడియారాన్ని బట్టే పుంజులు కూశాయి. అసలు తెల్లవారడానికి రెండు గంటల ముందే మొదలుపెడతాయి. ఆ తర్వాత స్కూటర్ హారన్ మోగినా, రెండు వీధుల అవతల ఇంకో పుంజు కూసినా జవాబు చెబుతూనే ఉంటాయి. నైట్ షిఫ్టు దిగి ఇంటికొచ్చి, ఇంత తిని, తొమ్మిదింటికి కన్ను మూసినవాడికి తెల్లవారుజాము కూత కంటే ఈ పగటి కూతలే పెద్ద బాధ.

ఊరి నుంచి వచ్చిన డేగ పుంజొకటి కొన్నాళ్లు మా పెరట్లో ఉంది. దాని అందం ఇంతా అంతా కాదు. ఎర్ర మెడ ఈకలు ఎండలో రాగిలా మెరిసేవి. మునగచెట్టు కింద మట్టి గీరి పురుగు దొరికితే తను మింగేది కాదు. ముక్కుతో పైకెత్తి, మళ్లీ కింద పడేసి, గొంతులోంచి సన్నగా కుటకుటమంటూ పెట్టల్ని పిలిచేది. అవి పరుగెత్తుకొచ్చి తింటుంటే పక్కన నిలబడి చూసేది. గద్ద నీడ పడితే ఒక రకం అరుపు, గోడ మీదకి పిల్లి వస్తే వేరే రకం. మొదటి అరుపుకి పెట్టలు చెట్టు కిందకి దూరేవి, రెండో దానికి మెడలు సాచి నిలబడేవి. రెండు పెట్టలు కొట్టుకుంటే మధ్యకి వెళ్లి నిలబడేది. పుంజు ఉన్న మందకి ఒక పద్ధతి వస్తుందని పెద్దవాళ్లు అనే మాట నిజం, నేను కళ్లారా చూశాను.

అయితే పక్కింటి కుర్రాడికి కోక్ ఓవెన్స్‌లో పని. ఒకరోజు పది గంటలప్పుడు మెట్ల మీద ఎర్రటి కళ్లతో కూర్చుని కనబడ్డాడు. "ఏం నాయనా, పడుకోలేదా?" అన్నాను. "లేదు పిన్నీ, ఎండగా ఉంది కదా" అన్నాడు. పుంజు మాట ఎత్తలేదు. ఎత్తడు కూడా. నేను తేల్చుకోవడానికి అది చాలు.

ఫ్రాన్స్‌లో ఓలెరాన్ దీవిలో మోరిస్ అనే పుంజు కూత మీద పొరుగువాళ్లు కోర్టుకెక్కితే 2019లో తీర్పు పుంజు పక్షాన వచ్చింది. 2021లో పల్లెల చప్పుళ్లనీ వాసనల్నీ వారసత్వంగా గుర్తిస్తూ ఆ దేశం చట్టమే చేసింది. ఆ తీర్పు నాకు నచ్చింది. కానీ అక్కడ ఫిర్యాదు చేసింది సెలవులు గడపడానికి వచ్చే ఇంటివాళ్లు. ఇక్కడ నిద్ర కావలసినవాడు రాత్రంతా సెగ దగ్గర నిలబడి వచ్చినవాడు.

ఇంకో సంగతి మూడు నాలుగు పెట్టలున్నవాళ్లు తప్పక ఆలోచించాలి. ఒక పుంజుకి ఎనిమిది, పది పెట్టలు ఉండాలి. తక్కువైతే తొక్కుడుకి పెట్టల వీపు మీద ఈకలు రాలి చర్మం బయటపడుతుంది. పైగా మా మే నెల ఎండకి, పుంజు తొక్కిన గుడ్డు బయట ఉంటే వేడికి లోపల పిల్ల కట్టడం మొదలై, సగంలో ఆగి మురిగిపోతుంది. పుంజు లేని పెట్ట గుడ్డు అంతకంటే ఎక్కువ రోజులు నిలుస్తుంది. వనరాజా, గ్రామప్రియ లాంటివైతే పుంజు ఊసే అక్కర్లేదు. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లో సంకరంతో తయారైన ఆ రకాలకి పిల్లలు పుట్టినా తల్లి గుణం నిలబడదు. పైగా అవి పొదుగుకి కూర్చోవడమూ అరుదే.

కాబట్టి నాటు పెట్టలుండి, పిల్లలు కూడా కావాలనుకునేవాళ్లకే ఈ మీమాంస. వాళ్లు ముందుగా ఆలోచించాల్సింది ఒకటుంది. లేచిన పిల్లల్లో దాదాపు సగం పుంజులే. మూడు నాలుగు నెలలకే కూత నేరుస్తాయి, ఒకదాన్నొకటి పొడుచుకుంటాయి. అమ్మోరి మొక్కుకో, ఆదివారం కూరకో పంపే మనసు లేనివాళ్లు పొదగెయ్యకపోవడమే మంచిది. కత్తులు కట్టే పందేలకి ఇస్తామనేవాళ్ల మాట నేను వినను. 1960 నాటి జంతుహింస నివారణ చట్టం దాన్ని నేరమంది, నా మనసూ అదే అంటుంది.

నేను పుంజుని పొలం ఉన్నవాళ్లకి ఇచ్చేశాను. పెట్ట పొదుగుకి వస్తే పార్వతీపురం నుంచి రైల్లో వచ్చే చుట్టాల చేత ఊకలో పెట్టిన నాటుగుడ్లు తెప్పించుకుంటాను. రైలు కుదుపులకి గుడ్లు అలసి ఉంటాయి కనుక ఒక రోజంతా సన్న కొన కిందికి ఉండేలా నిలబెట్టి, రాత్రి పూట పెట్ట కిందకి తోస్తాను. ఏడో రాత్రి చీకటి గదిలో గుడ్డు వెనక టార్చి పెడితే లోపల ఎర్రటి దారాల్లాంటి నరాలు, మధ్యలో కదిలే చుక్క కనిపిస్తాయి. తేటగా ఉన్నవి తీసేస్తాను. 21 రోజులకి పిల్లలు దిగుతాయి. సంక్రాంతి లోపే పొదగేస్తే ఎండలు ముదిరే వేళకి పిల్లలు గట్టిపడతాయి, పుంజుపిల్లలు గొంతు సవరించుకునేది కూడా అప్పుడే. మొదటి కూత వినగానే దాన్ని పొలం వాళ్లింటికి పంపేస్తాను, ఇంకో వారం చూద్దామనుకోను.