మాధవికి అర్థం కాలేదట

మా మేనకోడలి కూతురు కూచిపూడి నేర్చుకుంటోంది. ఈ వారం దానికి థియరీ పరీక్ష. నాలుగు జవాబులిచ్చి ఒకటి గుర్తుపెట్టమనే రకం. పతాక హస్తం దేన్ని సూచిస్తుందని అడిగితే పిల్ల ‘నది’ అని పెట్టింది. ‘జెండా’ అని పెట్టాలట. పోయింది ఒక్క మార్కే గానీ నా కడుపుమంట మాత్రం ఇంకా చల్లారలేదు.

ఈ కాలమ్ చదివేవారికి నా గోల కొత్త కాదు. మాటకో అర్థం రాసి చేతులు దులుపుకునే పాకెట్ నిఘంటువుల మీద ఎన్నిసార్లు విరుచుకుపడ్డానో మీకే తెలుసు. పట్టుచీర, తేనెపట్టు, కుస్తీపట్టు, బెణికిన కాలికి వేసే పట్టు... వద్దులెండి, మళ్లీ మొదలెట్టను. ఇంగ్లీషువాళ్లు దీనికి లెక్క కూడా కట్టుకున్నారు. 1989 నాటి ఆక్స్‌ఫర్డ్ మహానిఘంటువులో ‘సెట్’ అనే బుల్లి మాటకు 430 అర్థాలు. వాటికి తోడు మనవాళ్లు సంబంధం సెట్టవడాన్నీ, సెట్ దోసెనూ చేర్చారు.

పతాకమూ ఆ కోవలోదే. వేళ్లు నాలుగూ కలిపి చాచి బొటనవేలు మడిస్తే పతాకం. నందికేశ్వరుడి అభినయదర్పణంలో ఒంటిచేత్తో పట్టే 28 హస్తాల్లో మొదటిది. దాని వినియోగాలు నలభై దాకా ఉంటాయి. మేఘం, అడవి, రాత్రి, నది, గుర్రం, గాలి, వద్దనడం, తలుపు తీయడం, ఒట్టు పెట్టడం, ఊడవడం, నెల, సంవత్సరం. వెన్నెలా అదే చెయ్యి, మండుటెండా అదే చెయ్యి! ఇంత ఆస్తిని జెండాగుడ్డలో మూటకడతారా అని ఈ కాలమ్ నిండా తిట్టిపోద్దామనే కూర్చున్నాను. భామాకలాపం అడ్డం వచ్చింది.

చిన్నప్పుడు కూచిపూడిలో, రామలింగేశ్వరస్వామి గుడి దగ్గర చూసిన భామాకలాపం. సత్యభామగా దేశమంతా పేరు తెచ్చుకున్న వేదాంతం సత్యనారాయణ శర్మ (1935–2012) గారి ఊరది. ఆ రాత్రి వేషం కట్టింది మాత్రం ఆయన కాదు, ఓ కుర్రవాడు. కృష్ణుడు అలిగి వెళ్లిపోయాడు. భామ తన చెలికత్తె మాధవిని బతిమాలుతోంది, వెతికి తీసుకురమ్మని. ‘సరేనమ్మా, మీవారి పేరేమిటి?’ అంది మాధవి. మొగుడి పేరు నోటితో ఎలా చెప్పడం? చేత్తో చూపించింది.

పిల్లనగ్రోవి పట్టింది. ‘సన్నాయి మేళం అబ్బాయామ్మా?’ అంది మాధవి. నెమలిపింఛం పట్టింది. ‘నెమలీకలు అమ్ముకునేవాడా?’ చివరికి కొండనెత్తినట్టు అరచెయ్యి పైకెత్తింది. ‘ఓహో, గొడుగు పట్టేవాడా!’ జనం పొట్టలు పట్టుకుని నవ్వారు. నేనూ నవ్వాను. ఇప్పుడు ఆలోచిస్తే, మాధవి చెప్పినవాటిలో తప్పుడు అర్థం ఒక్కటీ లేదు. ఆ చేతికి గొడుగూ కుదురుతుంది. అర్థాల ఆస్తంతా మాధవి వైపే ఉంది. భామకు కావలసింది ఒక్కటే, అదే తేలడం లేదు. అసలు మాధవి వేషమే అలాంటిది. సూత్రధారే భామ దగ్గర మాధవి, కృష్ణుడి దగ్గర మాధవుడు. మనిషే నానార్థం.

మరి ఆ కుర్రవాడు ఏం చేశాడు? కొత్త ముద్ర ఏదీ వెతుక్కోలేదు. అదే అరచెయ్యి మళ్లీ ఎత్తాడు. ఈసారి చూపు ముందు కొండ కొసకు పోయింది, అక్కణ్ణించి చేతి మీదికి, ఆ తర్వాత చేతి కిందికి. అక్కడ ఆవులున్నాయి, దూడలున్నాయి, తడిసి ముద్దయిన గొల్లపిల్లలున్నారు. బరువుకు భుజం రవ్వంత దిగింది. మోచెయ్యి ఒక్కసారి అదిరి నిలబడింది. ఇక గొడుగనడానికి మాధవికి నోరు రాలేదు.

చెయ్యి పోయినచోటికి చూపు పోవాలని గురువులు రోజూ పోరేది ఇందుకే. ముప్పైతొమ్మిది అర్థాలను వాకిట్లోనే ఆపి ఒక్కదాన్ని లోపలికి పంపడమే ఆ కుర్రవాడి పనితనం. పక్కనే క్షేత్రయ్య ఊరు మువ్వ ఉంది కదా, ఆయన పదంలో ఒక్క పల్లవికి పది రకాలుగా అభినయం పట్టరా అని మీరు నిలదీయవచ్చు. పడతారు, ఒకదాని తర్వాత ఒకటి. పట్టినంతసేపూ మాత్రం అది ఒక్కటే.

కాబట్టి నది అన్న పిల్లకు మార్కు వెయ్యాల్సిందే గానీ, నలభై వినియోగాలూ గుక్కతిప్పుకోకుండా అప్పజెప్పిన పిల్లకు అదనంగా వెయ్యమని ఇక నేను పోట్లాడను. దాని చెయ్యి చూశాక మాట్లాడదాం.

అన్నట్టు ఆ జాబితాలో ఏడు విభక్తులు కూడా ఉన్నాయి. డు, ము, వు, లు అరచేత్తో పట్టి చూపించే ఆట మీ ఊళ్లో ఎక్కడైనా ఉంటే కబురుపెట్టండి. చాప నేనే తెచ్చుకుంటాను.