కాక బెల్లం ముక్క

"చూసినవా బిడ్డా, మేం బాయిల ఉన్నప్పటి సంది చెప్తలేమా?" అంటూ మా కాక వాట్సాప్ మెసేజ్ చూపించాడు. ఊపిరితిత్తుల్లోని బొగ్గు దుమ్మును బెల్లం తీసేస్తుందని శాస్త్రవేత్తలే తేల్చారట. కాక గోదావరిఖనిలో ముప్పై ఏళ్లు బొగ్గు బాయి దిగి, రిటైరయ్యాక బసంత్‌నగర్ వచ్చాడు. డ్యూటీ దిగగానే బెల్లం ముక్క నోట్లో వేసుకోవడం ఆయన తరానికి అలవాటు. ఇక్కడ సిమెంటు ఫ్యాక్టరీకి పోయేవాళ్లదీ అదే మాట. కానీ ఇప్పుడాయనకు షుగరుంది. నాకు భయమేసింది.

వద్దని ఒక్క మాట అంటే కాక వినడు. వెతికాను. తెలుగులో అవే వాక్యాలు పదిచోట్ల కనిపించాయి, ఎవరు చెప్పారో ఎక్కడా లేదు. ఇంగ్లిషులో 'జాగరీ, కోల్ డస్ట్, లంగ్స్' అని కొడితే అసలు పరిశోధనా పత్రం దొరికింది. లక్నోలోని ఇండస్ట్రియల్ టాక్సికాలజీ రీసెర్చ్ సెంటర్ వాళ్లు రాసింది, 1994లో 'ఎన్విరాన్‌మెంటల్ హెల్త్ పర్‌స్పెక్టివ్స్' పత్రికలో వచ్చింది. పైసా అడగకుండా డౌన్‌లోడయింది.

దుమ్ములో పనిచేసే కార్మికులు బెల్లం తింటే ఇబ్బంది లేదంటున్నారనే వాళ్లీ పరీక్షకు పూనుకున్నారు. ఎలుకల ఊపిరితిత్తుల్లోకి బొగ్గు దుమ్ము ఎక్కించి, అరగ్రాము బెల్లం చొప్పున, వారానికి ఐదు రోజులు, 90 రోజులపాటు పెట్టారు. దుమ్ము రేణువులు ఊపిరితిత్తుల నుంచి దగ్గరి లింఫ్ గ్రంథుల్లోకి ఎక్కువగా కదిలాయి. మనుషుల మీద చేసిన పరీక్ష కాదది. మెసేజ్ చేతులు మారేసరికి 'ఎలుకలు' అన్న మాటే జారిపోయింది.

అందుకే ఆరోగ్యం గురించి ఏది దించుకున్నా ఫైలు పేరు మార్చి పెట్టుకుంటాను. ఏ సంవత్సరం, ఎవరి మీద చేశారు అన్నవి పేరులోనే ఉండాలి. దీనికి '1994-ఎలుకలు-బెల్లం' అని పెట్టాను. ఆర్నెల్ల తర్వాత తెరిచినా, ఇంకెవరికి పంపినా, ఆ మాట మళ్లీ జారిపోదు.

కాకకు కూర్చోబెట్టి చదివి వినిపించాను. తమ మాటను లక్నో దాకా తీసుకుపోయి పరీక్షించారని ఆయన మురిసిపోయాడు. ఎలుకల సంగతి విని కాసేపు మాట్లాడలేదు.

"మరి నాకొచ్చే దమ్ముకు?"

బొగ్గు దుమ్ముతో ఊపిరితిత్తుల్లో ఏర్పడిన మచ్చను చెరిపే మందు ఇప్పటికీ లేదు. ఎంత మేర దెబ్బతిన్నదో ఎక్స్‌రే, ఊపిరి పరీక్ష చూసి డాక్టరు చెప్పాలి. ఆ ప్రశ్నను నేను ఫోన్లో కొట్టలేదు.

"సోమారం దవాఖానకు పోదాం కాకా. పాత ఎక్స్‌రేలు ఉన్నయా?"

ఆయన లేచి బీరువా మీద చెయ్యి పెట్టి, దుమ్ము పట్టిన పెద్ద కవరు దించాడు.