క్రొత్త ఉప్పునీటి తొట్టి – అమ్మోనియా పరీక్ష : ఒక విమర్శ

చేపల తొట్టి పెంపకమును గూర్చిన కరదీపికలలో ఉప్పునీటి తొట్టి ప్రకరణము దాదాపు ఒకే విధముగ నుండును. తొట్టిలో ఇసుక, రాళ్ళు పరచవలెను, ఉప్పునీరు నింపవలెను, కొంత అమ్మోనియా చేర్చవలెను, నాలుగు నుండి ఆరు వారములు ఓపిక పట్టవలెను, అమ్మోనియాను తరచు పరీక్షించుచుండవలెను, అది సున్నకు దిగి, ఆ తరువాత నైట్రైట్ కూడ సున్నకు దిగినచో చేపలను వదలవచ్చును. ఈ సలహా తప్పని చెప్పుట నా ఉద్దేశము కాదు. దీనిని పాటించినవారి చేపలు బ్రతుకుచునే యున్నవి. అయితే ఇందులో 'ఎందుకు' అను ప్రశ్నకు చోటు లేదు. పరీక్షనాళికలోని రంగు దేనిని కొలుచుచున్నది, దేనిని కొలుచుట లేదు అను సంగతి చెప్పక, అంకెను మాత్రము చేతికిచ్చు పద్ధతిని ఇచ్చట విమర్శింపదలచితిని.

ఇందుకు నా స్వానుభవమే ప్రేరణ. కొన్ని ఏండ్ల క్రితము మా విద్యార్థులు ఒక ఉప్పునీటి తొట్టిని సిద్ధము చేసిరి. మూడు వారములు దినదినమును అమ్మోనియాను పరీక్షించి, అందముగ పట్టిక వ్రాసిరి. చివరి దినమున అంకె సున్న. మరునాడు ఆరు చేపలను ఒక్కసారిగ వదలిరి. మూడవ నాటికి పరీక్షలోని పసుపు రంగు ముదురు ఆకుపచ్చకు మారినది. నాలుగవ నాటికి రెండు చేపలు మాత్రమే మిగిలినవి. పట్టికను మరల చూడగా సంగతి తెలిసినది. చివరి దినమున మాత్రమే కాదు, మొదటి దినమున కూడ అంకె సున్నయే! తొట్టిలో అమ్మోనియాను పుట్టించు పదార్థమేదియు వారు వేయలేదు. లేని అమ్మోనియా తరుగునెట్లు? తినుటకేమియు లేని తొట్టిలో సూక్ష్మజీవులు పెరుగునెట్లు? ఆ పట్టికపై ప్రతి వారము సంతకము పెట్టినవాడను నేనే. పిల్లలకంటె నా తప్పే పెద్దది.

సున్న రెండు రకములు. ఏమియు జరుగని సున్న ఒకటి; పని పూర్తియైన సున్న మరియొకటి. ఈ భేదమును కరదీపికలు స్పష్టముగ చెప్పవు. కాని విజ్ఞాన చరిత్రలో ఈ భేదమునకు చక్కని ఉదాహరణ కలదు. 1877లో ఫ్రాన్సు దేశమున ష్లోజింగ్, ముంట్జ్ అను శాస్త్రజ్ఞులు ఇసుక, సున్నపురాతి పొడి నింపిన పొడవైన గొట్టము గుండ మురుగునీటిని మెల్లగా పారించిరి. సుమారు ఇరువది దినముల వరకు నీటిలోని అమ్మోనియా ఎట్లు వచ్చినదో అట్లే బయటికి పోయినది. తరువాత నైట్రేట్ కానవచ్చినది, అమ్మోనియా మాయమైనది. క్లోరోఫారము ఆవిరి సోకించగా ఆ మార్పు నిలిచిపోయినది. క్లోరోఫారమును తొలగించి, కొద్దిగ మట్టి కలిపిన నీటిని పోయగా మరల మొదలైనది. ఇది కేవలము రసాయన చర్యయే యైనచో ఇరువది దినములు ఆగవలసిన పని లేదు. ఆ ఆలస్యమే ఇది జీవుల పని యనుటకు సాక్ష్యము. నేడు మన తొట్టిలో జరుగునది ఆ ప్రయోగమే. కరదీపికలు విసుగు పుట్టించు నిరీక్షణగా చూపు ఆ వారములే పాఠములో ముఖ్యభాగము.

ఇంకొక ముచ్చట గలదు. 1850లో లండనులో రాబర్ట్ వారింగ్టన్ అను రసాయన శాస్త్రజ్ఞుడు గాజుతొట్టిలో చేపలను, నీటిమొక్కను, నత్తలను కలిపి యుంచి, అవి ఒకదానికొకటి తోడ్పడుచు నిలుచుట చూపెను. చేప విడుచు బొగ్గుపులుసు వాయువును మొక్క గ్రహించును, మొక్క ఆమ్లజనినిచ్చును, కుళ్ళిన ఆకును నత్త తినును. ఈ 'సమతుల్యత' అను భావము నేటికిని పాఠ్యపుస్తకములలో బొమ్మలతో సహా కనబడును. అందులో లోపమేమనగా, కంటికి కనబడని జీవులకు అందు స్థానము లేదు. ఆ లోపమును పూరించినవారిలో ఆయన కుమారుడే ఒకడగుట విశేషము. తండ్రి పేరే గల ఆ కుమారుడు రాథమ్‌స్టెడ్ వ్యవసాయ పరిశోధన కేంద్రములో నత్రీకరణమును పరిశీలించి, అది రెండు మెట్లలో జరుగునని చూపెను. 1890లో వినోగ్రాడ్‌స్కీ ఆ జీవులను వేరుచేసి చూపెను. తండ్రి తొట్టిని మాత్రము బోధించి, కుమారుని నేలను మరచుట మన పాఠములలోని లోటు.

ఇక అంకె సంగతి. నీటిలో అమ్మోనియా రెండు రూపములలో నుండును: స్వేచ్ఛా అమ్మోనియా, అమ్మోనియం అయాను. మొప్పల గుండ సులభముగ లోనికి చొచ్చి చేపను చంపునది ముఖ్యముగ మొదటిది. సామాన్య పరీక్ష రెండింటి మొత్తమును కొలుచును. 25 డిగ్రీల సెంటిగ్రేడు వద్ద, పి.హెచ్. 8.2 గల సముద్రజలములో నూటికి ఆరేడు పాళ్ళు స్వేచ్ఛా రూపములో నుండును. పి.హెచ్. 7.2 అయినచో నూటికి ఒక పాలు కూడ ఉండదు. అనగా పరీక్షలో ఒకే రంగు, ఒకే అంకె. విషము మాత్రము సుమారు పది రెట్ల తేడా! వేడి పెరిగినను స్వేచ్ఛా భాగము పెరుగును. పి.హెచ్., ఉష్ణోగ్రత వ్రాయని అమ్మోనియా పట్టిక సగము పట్టికయే. మన కోస్తా జిల్లాలలోని రొయ్యల చెరువులలో మధ్యాహ్నము వృక్షప్లవకములు బొగ్గుపులుసు వాయువును గ్రహించుటచే పి.హెచ్. పెరుగును. కావున ఉదయము ప్రమాదము లేదనిపించిన అంకెయే మధ్యాహ్నము ప్రమాదకరము కావచ్చును.

చేపలను దూరము నుండి సంచిలో తెచ్చినప్పుడు కూడ ఇదే చిక్కు. సంచిలో బొగ్గుపులుసు వాయువు చేరి పి.హెచ్. తగ్గును. అమ్మోనియా ఎక్కువగనున్నను అయాను రూపములో నుండుటచే చేప ఓర్చుకొనును. సంచి విప్పి, అందులో సముద్రజలమును కొంచెము కొంచెముగ పోయుచు గంటల తరబడి ఉంచినచో పి.హెచ్. పెరిగి, అదే అమ్మోనియా విషమగును. మంచిదని చేసిన ఆలస్యమే చెరుపు చేయును.

అంకె వెనుక కొలమానము సంగతి కూడ చూడవలెను. కొన్ని పరీక్షలు అమ్మోనియాను నత్రజని లెక్కన తెలుపును. కొన్ని అమ్మోనియా లెక్కననే తెలుపును. పదునాలుగు భాగముల నత్రజని పదునేడు భాగముల అమ్మోనియాకు సమానము. అమ్మోనియాలో ఈ తేడా చిన్నదే. కాని నైట్రేట్ విషయములో నాలుగు రెట్లకు మించును. నెస్లర్ కారకము వాడు ప్రయోగశాలలలో మరియొక జాగ్రత్త అవసరము. ఆ కారకము క్షారగుణము గలది. సముద్రజలములోని మెగ్నీషియము దానివలన అవక్షేపమై నీటిని కలకబారజేయును. పైగా అందులో పాదరసము కలదు. కావున పాఠశాలలకు సాలిసిలేట్ పద్ధతియే మేలు. ఏ పద్ధతియైనను, అమ్మోనియా లేని ఉప్పునీటితో కూడ పరీక్షించి ఆ రంగును ప్రక్కన పెట్టుకొని పోల్చవలెను.

సూక్ష్మజీవుల పేర్ల విషయములో కూడ పుస్తకములు వెనుకబడియున్నవి. అమ్మోనియాను నైట్రోసోమోనాస్, నైట్రైట్‌ను నైట్రోబాక్టర్ మార్చునని మనమందరము వల్లించితిమి. 1998లో మంచినీటి తొట్టెలలో నైట్రైట్‌ను మార్చునవి నైట్రోస్పైరా జాతివని తెలిసినది. 2005లో మరింత ఆశ్చర్యకరమైన సంగతి బయటపడినది. అమెరికాలోని సియాటిల్ నగర అక్వేరియములో, ఉష్ణమండల సముద్రజీవుల తొట్టి నుండియే, బాక్టీరియా కాని ఆర్కియా వర్గపు జీవి వేరుచేయబడినది. దానికి నైట్రోసోప్యుమిలస్ మారిటిమస్ అని పేరు. అమ్మోనియాను మార్చి బ్రతుకు ఆర్కియాలలో మొదట వేరుచేయబడినది ఇదే. తరువాతి కొలతలలో ఇది లీటరుకు రెండు మైక్రోగ్రాముల నత్రజని ఉన్నను సగము వేగముతో పనిచేయునని తేలినది. మన పరీక్ష పెట్టెలో సున్న తరువాతి గుర్తు సామాన్యముగ లీటరుకు 0.25 మిల్లీగ్రాములు. అనగా మన 'సున్న' ఆ జీవికి చాలినంత భోజనము!

నైట్రైట్ భయమును గూర్చి ఒక మాట. మంచినీటి చేపలలో నైట్రైట్ మొప్పల గుండ రక్తములో చేరి, ఆమ్లజనిని మోయు శక్తిని తగ్గించును. సముద్రజలములో విస్తారముగ నున్న క్లోరైడు దాని ప్రవేశమును అడ్డుకొనుటచే ఆ ప్రమాదము చాల తక్కువ. మంచినీటి తొట్టి హద్దులను ఉప్పునీటి తొట్టికి యథాతథముగ దించుకొనుట సరికాదు. అయినను, నైట్రైట్ నిలిచియున్నదనగా రెండవ మెట్టు ఇంకను సిద్ధము కాలేదని అర్థము.

అన్నింటికంటె అభ్యంతరకరమైనది, అమ్మోనియా కొరకు బ్రతికియున్న 'గట్టి' చేపను వదలుమను పాత సలహా. చేప విసర్జించు అమ్మోనియాను ఆ చేపయే అనుభవింపవలెను. ఇది అనవసరమైన హింస. ప్రయోగముగ చూచినను లోపభూయిష్టము. ఎంత అమ్మోనియా చేరినదో తెలియని చోట ఎంత తరిగినదో ఎట్లు చెప్పగలము? దీనికి బదులు స్వచ్ఛమైన అమ్మోనియం క్లోరైడు, అనగా నవాసారము, చాలును. ఏబది లీటర్ల నీటికి సుమారు 0.38 గ్రాములు వేసినచో లీటరుకు రెండు మిల్లీగ్రాముల నత్రజని లభించును. తొట్టి సిద్ధమైనదని తోచినప్పుడు మరల అంతే వేసి, ఇరువదినాలుగు గంటల తరువాత పరీక్షింపవలెను. అమ్మోనియా, నైట్రైట్ రెండును గుర్తుకు దిగువకు పడిపోయి, నైట్రేట్ పెరిగియున్నచో అది పని పూర్తియైన సున్న. అప్పుడైనను చేపలను ఒకటి రెండుగనే వదలవలెను. ఏలయన సూక్ష్మజీవుల సంఖ్య వాటికి లభించు ఆహారమునకు తగినంతయే యుండును.

ఉపాధ్యాయ మిత్రులు పట్టికలో ఆరు గడులు గీయించిన చాలును: తేది, ఉష్ణోగ్రత, పి.హెచ్., అమ్మోనియా, నైట్రైట్, నైట్రేట్. ఏడవ గడి ఒకటి ఖాళీగ ఉంచి, 'ఈ దినమున తొట్టిలో ఏమి చేర్చితిమి?' అని శీర్షిక పెట్టవలెను. మా పట్టికలో లేనిది ఆ గడియే. అది ఉండినచో మూడు వారములు వరుసగ 'ఏమియు లేదు' అని వ్రాయవలసివచ్చెడిది. వ్రాయుచున్న విద్యార్థియే నన్ను ప్రశ్నించియుండెడివాడు. నాలుగు చేపలు బ్రతికియుండెడివి.