దూరవైద్యము – రక్తపుపోటు

రక్తపుపోటునకు, మధుమేహమునకు చేయు చికిత్స జ్వరమునకు చేయు చికిత్స వంటిది కాదు. జ్వరము తగ్గినంతనే రోగి వైద్యుని మరచును. రక్తపుపోటు గలవాడు మాత్రము తరచుగా పోటు కొలిపించుకొనవలెను. మందు చాలనిచో వైద్యుడు దానిని పెంచవలెను. మాత్రలు అయిపోకముందే మరల తెచ్చుకొనవలెను. ఇది జీవితాంతము సాగు పని. పైకి ఏ బాధయు తెలియదు గనుక, ఒకనాటి కూలి పోగొట్టుకొని ఆస్పత్రికి పోవుట రోగికి దండుగగా తోచును. అట్టివానికి సెల్‌ఫోనులోనే వైద్యుడు దొరికినచో ఎంత మేలు! దూరవైద్యపు యాప్‌లకు మూలమైన ఊహ ఇదియే. ఊహ మంచిదే, అయితే దానిని పరీక్షకు పెట్టవలసి ఉన్నది.

2020 మార్చి 25న భారత ప్రభుత్వము దూరవైద్యమునకు నియమావళి ప్రకటించినది. దాని ప్రకారము వైద్యుడు ఫోను మీదనో, వీడియో ద్వారానో, వ్రాతమూలముగానో రోగికి సలహా ఇయ్యవచ్చును. ముఖాముఖి చూచిన ఆరు నెలలలోగా అదే వ్యాధికి అదే వైద్యుడు జరుపు సంప్రదింపును తదుపరి సంప్రదింపుగా లెక్కించి, వాడుచున్న మందును కొనసాగించుటకును, అవసరమైనచో మరొక మందు చేర్చుటకును అనుమతించినది. మందు వ్రాయు అధికారము వైద్యునిదే గాని యంత్రబుద్ధిది కాదని కూడ స్పష్టముగా చెప్పినది. 2019లో ఆరంభమైన ప్రభుత్వపు ఇ-సంజీవనిలో 2023 నాటికే 10 కోట్ల సంప్రదింపులు దాటినవి. అందులో 3 కోట్లకు పైగా ఆంధ్రప్రదేశ్‌వే. రాష్ట్రములన్నింటిలో అప్పటికి అదియే మొదటిది.

ఈ అంకెను చూచి మురిసిపోవుట తేలిక. కాని సంప్రదింపుల లెక్క పోటు లెక్క కాదు. ఒకే రోగి ఒకే వైద్యునితో ఏడాది పొడుగున మాటలాడెనా, అతని పోటు 140కి దిగువకు వచ్చెనా అను ప్రశ్నలకు కోట్ల అంకె జవాబు చెప్పదు. బడిలో హాజరు పట్టీ చూచి విద్యార్థి లెక్కలు నేర్చెనని చెప్పలేము గదా.

ఆ ప్రశ్నను నేరుగా అడిగిన పరిశోధనలు రెండు మన దేశములోనే జరిగినవి. ఒకటి తెలుగునాట, పశ్చిమ గోదావరి జిల్లాలో, 18 ప్రాథమిక ఆరోగ్య కేంద్రముల పరిధిలోని 54 గ్రామములలో జరిగినది. ఆశా కార్యకర్తలు టాబ్లెట్ యంత్రము పట్టుకొని ఇంటింటికి పోయి, 40 ఏండ్లు పైబడినవారి పోటును కొలిచిరి. గుండెజబ్బు ముప్పు ఎంతయో యంత్రము గణించినది. ఏ మందు ఇయ్యవలెనో వైద్యునికి సూచించినది. 2019లో ఫలితము ప్రచురితమైనది. పోటు అదుపులోనికి వచ్చినవారి సంఖ్యలో, ఈ ఏర్పాటు గల ఊళ్ళకును లేని ఊళ్ళకును చెప్పుకోదగిన తేడా కనబడలేదు! కర్ణాటక, హర్యానా రాష్ట్రములలోని 40 సామాజిక ఆరోగ్య కేంద్రములలో ఎంవెల్‌కేర్ అను యాప్‌తో జరిగిన పరిశోధన కూడ అదే ఏడాది వెలువడినది. అక్కడ ఒక వింత జరిగినది. యాప్ వాడినచోట రోగుల పోటు బాగుగా తగ్గినది; వాడనిచోట కూడ దాదాపు అంతే తగ్గినది.

వాడనిచోట ఎందుకు తగ్గవలెను? అచ్చటి వైద్యులకు కూడ శిక్షణ ఇచ్చిరి. అది ఒక కారణము. రెండవది గణితమునకు సంబంధించినది, తరగతిలో చూపదగినది. అరువదిమంది విద్యార్థులచేత తలకొక పాచిక వేయించి, అయిదుగాని ఆరుగాని పడినవారిని మాత్రము ఏరవలెను. వారి సగటు సుమారు అయిదున్నర ఉండును. వారిచేతనే మరల వేయించినచో సగటు మూడున్నర దరిదాపులకు దిగును. వారికి ఎవరు ఏ మందు ఇచ్చిరి? రక్తపుపోటు కూడ గంటగంటకు మారునదే. ఒకనాడు ఎక్కువ చూపినవారిని ఏరి, తరువాత కొలిచినచో కొంత తానే తగ్గును. కావున పోల్చుటకు మరొక వర్గము లేకుండ, “మా యాప్ వాడినవారికి పోటు ఇంత తగ్గినది” అని చెప్పు ప్రకటన దేనినీ రుజువు చేయదు. అట్టి ప్రకటనలకు నేడు కొదువలేదు.

ఇంగ్లండులో జరిపి 2018లో ప్రచురించిన పరిశోధన కొంత ఆశ కలిగించును. 1182 మంది రోగులను మూడు వర్గములు చేసిరి. వైద్యుడు మామూలుగా ఆస్పత్రిలో కొలిచినవారి పోటు ఏడాది చివర సగటున 140.4 మిల్లీమీటర్లు. ఇంటిలో తామే కొలుచుకొని కాగితము మీద వ్రాసి పంపినవారికి 137.0. ఫోను ద్వారా పంపినవారికి 136.0. మొదటిదానికిని తక్కిన రెండింటికిని తేడా నిజమైనది. కాగితమునకు, ఫోనుకు నడుమనున్నది లెక్కలోనికి రాదు. అనగా, మేలు చేసినది ఫోను అనుటకంటె, పోటును ఇంటిలో పలుమార్లు కొలుచుట, ఆ అంకెలను చూచి వైద్యుడు మందు మార్చుట అనుట న్యాయము. ఫోను తపాలా బంట్రోతు వంటిది. ఉత్తరము చేరవేయును, జవాబు వ్రాయదు.

వైద్యులు ఈ యాప్‌లను వాడుటకు వెనుకాడుచున్నారని వారిని పాతకాలపువారుగా నిందించుట పరిపాటి అయినది. ఆ నింద సబబు కాదు. ఇంటినుండి వచ్చిన అంకెను నమ్మవలెనన్న, చేతికి చుట్టిన పట్టీ సరియైన కొలతదో కాదో తెలియవలెను; లావు చేతికి చిన్న పట్టీ చుట్టినచో పోటు ఉన్నదానికంటె ఎక్కువగా చూపును. ఆ అంకెను చూచి మందు పెంచిన తరువాత రోగి కళ్ళు తిరిగి పడిపోయినచో బాధ్యత వైద్యునిదే. పైగా ఓపీ పుస్తకములో వ్రాసినదే మరల యాప్‌లో ఎక్కించవలసివచ్చినచో, గదిముందు వరుస కట్టిన రోగులకు ఇయ్యవలసిన కాలము అందులో పోవును.

ఈ చివరి చిక్కును గుర్తించినది సింపుల్ అను యాప్. 2017 చివర ఆరంభమైన భారత రక్తపుపోటు నియంత్రణ పథకములో దీనిని వాడిరి. మొదట చేరిన అయిదు రాష్ట్రములలో తెలంగాణ ఒకటి. నర్సు రోగి కార్డు మీది క్యూఆర్ గుర్తును ఫోనుకు చూపి, పోటును, మందును ఎక్కించును. అడుగు వివరములు బహు కొద్ది. రావలసిన రోజున రానివారి పేర్లు యాప్ పట్టీ కట్టి చూపును. నర్సు వారికి ఫోను చేయును. అయితే ఆ పథకములో యాప్ ఒక భాగము మాత్రమే. ఏ మెట్టులో ఏ మందు ఇయ్యవలెనో ముందే నిర్ణయించిన పద్ధతి, మాత్రల సరఫరా, వైద్యుని పనిలో కొంత నర్సులకు అప్పగించుట, ఊరికి దగ్గరలోనే మందు దొరకుట తక్కిన భాగములు. మాత్రలు నిండుకొన్న కేంద్రములో ఆ పట్టీ చూచి రోగిని పిలిచిన నర్సు, అతడు వచ్చిన తరువాత చేతికేమి ఇచ్చును?