తేలియా రుమాలు: నమూనాకు ముందు నూనె

తేలియా రుమాలుపై వెలువడుతున్న పరిశోధనలలో ఒక విభజన స్థిరపడింది. ముడిపదార్థాలు ఒక అధ్యాయం, నమూనాలు మరొక అధ్యాయం. మొదటిదానిలో నూలు, నూనె, బూడిదల పట్టిక. రెండవదానిలో గడులు, ఏనుగులు, గడియారాలు, విమానాల వర్గీకరణ. వీటి పరస్పర సంబంధం మాత్రం చర్చకు రాదు. ఈ విభజన వస్త్రావగాహనకే ఆటంకమని ఈ వ్యాసం ప్రతిపాదన.

ఆముదపు కాయల తొక్కలను కాల్చిన బూడిదనుండి తీసిన క్షారజలాన్ని నూనెతో కలిపి, నూలును అందులో పలుమార్లు తడిపి ఆరబెడతారు. ఇట్లా సిద్ధమైన నూలే ఎర్రని రంగును గట్టిగా నిలుపుకొంటుంది. చిరివేరులోని ప్రధాన రంజకం అలిజరిన్. అది పటికతో ఎరుపునూ, ఇనుముతో నలుపు చాయనూ ఇస్తుంది; కట్టు కట్టిన చోట తెలుపు మిగులుతుంది. కనుక ఎరుపు, నలుపు, తెలుపుల పరిమితిని కేవలం అభిరుచిగా వివరించడం చాలదు.

రేఖ విషయమూ ఇంతే. పడుగు పేకలు రెండింటినీ లెక్కప్రకారం కట్టి అద్దుతారు కాబట్టి ప్రతి ఆకృతీ మెట్లుమెట్లుగానే రూపొందుతుంది. విమానాన్ని ‘ఆధునిక ప్రభావం’గా పేర్కొని వదిలేసే పరిశోధకులు, అది పోగుల లెక్కకు ఎట్లా లోబడిందో పరిశీలించడం లేదు.

‘సహజవర్ణ వస్త్రం’ అనే విశేషణమూ పునఃపరిశీలించదగినదే. 1869లో అలిజరిన్‌ను కృత్రిమంగా తయారుచేశారు. తరువాత చిరివేరు స్థానంలోకి అదే వచ్చింది. వేరు పోయినా నూనె, బూడిద నిలిచాయి. వస్త్రం పేరు కూడా రంగును కాక నూనెనే స్మరిస్తున్నది.

ఇది పదాల పట్టింపు కాదు. 2020లో ఈ వస్త్రానికి లభించిన భౌగోళిక గుర్తింపు తెలంగాణలోని పుట్టపాకతో ముడిపడి ఉంది. ఈ నేతకు పుట్టినిల్లుగా ప్రసిద్ధమైన చీరాల, 2022కు ముందు ప్రకాశం జిల్లాలోనూ నేడు బాపట్ల జిల్లాలోనూ ఉన్నది, ప్రధానంగా చరిత్ర అధ్యాయాలకే పరిమితమవుతోంది. బొమ్మను అచ్చుగుడ్డపై కూడా దించవచ్చు. నూనె పట్టిన నూలును అచ్చు వేయలేము. నమూనాలను మాత్రమే భద్రపరచే పరిశోధన అనుకరణకే తోడ్పడుతుంది.

అందువల్ల క్షేత్ర పరిశోధకులు బొమ్మలను నకలు తీయడానికి ముందు నూనె, క్షారాల పాళ్లను, ఆరబెట్టే రోజులను, బూడిద ఎంపికను వృద్ధ నేతకారుల మాటల్లోనే నమోదు చేయాలి. నమూనా చరిత్ర అక్కడినుండే మొదలవుతుంది.