వార్ధక్యం - సంస్కృతి - వర్గం

జుట్టు నెరవడం, చూపు మందగించడం దేహధర్మాలు. కాని ఏండ్లు పైబడిన మనిషి ఇంటికి పెద్ద అవుతాడా, బరువు అవుతాడా అన్నది దేహం తేల్చే విషయం కాదు, సమాజం తేలుస్తుంది. సిమోన్ ద బొవా 1970లో ఫ్రెంచిలో వెలువరించిన వార్ధక్య గ్రంథం ఈ భేదాన్ని వర్గదృష్టితో నిరూపించింది. మనుషులను ముసలివాళ్ళను చేసేది సంస్కృతి కూడానని 2004లో మార్గరెట్ గులెట్ వాదించింది. వృద్ధాప్యాన్ని వైద్యుని గది నుంచి వీధిలోకి తెచ్చిన ఈ ధోరణి ఆహ్వానించదగినదే. అయితే సంస్కృతి అనే మాటలో కూటిప్రశ్న మునిగిపోకుండా చూచుకోవాలి.

ఈ చూపు మన సాహిత్యంలో ఎంత పనిచేస్తుందో "కన్యాశుల్కం"తో పరీక్షించవచ్చు. 1897లో అచ్చయి, 1909లో తిరిగి వ్రాయబడిన ఆ నాటకంలో లుబ్ధావధాన్లు కాటికి కాళ్ళు చాచుకున్న వయస్సులో పెళ్ళికొడుకు. బుచ్చమ్మ పడుచుపిల్ల, కాని ఆచారం ఆమె బ్రతుకు ముగిసిపోయిందని తీర్పు చెప్పింది. ముసలివాడికి యౌవనాన్ని, పడుచుపిల్లకు వార్ధక్యాన్ని పంచిపెట్టింది పంచాంగం కాదు, ఆస్తీ, పురుషాధికారమూను. ఈ నాటకం చెప్పేటప్పుడు విద్యార్థులు ముసలి పెళ్ళికొడుకును చూచి నవ్వుతారు. ఆ నవ్వు అతని ముడతల దగ్గర ఆగిపోతే గురజాడకు అన్యాయం చేసినట్లే. ముసలితనం నేరం కాదు, కొనుగోలు నేరం. చేతిలో రొక్కం లేని ముసలివాడికి ఏ అగ్నిహోత్రావధాన్లు పిల్లనిస్తాడు?

ఇటువంటి పొరపాటే మరొకటి మన ఉపన్యాసాల్లో తరచు వినిపిస్తుంది. ఒకప్పుడు ఉమ్మడి కుటుంబంలో పెద్దలు సుఖించారట, పడమటి గాలి సోకి అంతా చెడిందట. కాశీలో పరిశోధన చేసిన లారెన్స్ కోహెన్ 1998లో ప్రచురించిన గ్రంథంలో ఈ పతనగాథనే ప్రశ్నించాడు. కలిగినవారి ఇండ్లలో వృద్ధుల సమస్య బిడ్డల నిరాదరణగా వినిపిస్తే, నగ్వా దళితవాడలో బలహీనత అనే మాటగా వినిపించింది. ఇక్కడ నేను చేర్చదలచినది ఒక్కటే: ఉమ్మడిగా ఉండడానికి ముందు ఏదో ఒక ఆస్తి ఉండాలి. కూలివాని ఇంట ఉమ్మడిగా ఉన్నది ఆకలే. ఆ ఇంటి ముసలిదానికి పోగొట్టుకోవడానికి స్వర్ణయుగమేదీ లేదు.

ఈ గాథ పుస్తకాల్లోనే ఉండిపోతే వాదించవలసిన పని ఉండదు. అది చట్టంలోకీ వచ్చింది. 1995లో జాతీయ వృద్ధాప్య పింఛను ప్రారంభమైనప్పుడు కేంద్రం నిర్ణయించిన మొత్తం నెలకు 75 రూపాయలు. 2007లో వచ్చిన చట్టం తల్లిదండ్రుల పోషణను బిడ్డల మీద బాధ్యతగా పెట్టింది. ఆస్తి వ్రాయించుకుని కన్నవారిని వెళ్ళగొట్టే కొడుకులున్నారు; వారి విషయంలో ఆ చట్టం అవసరమే. కాని రోజుకూలి చేసుకునే కొడుకు దగ్గర ఏ ట్రిబ్యునలు ఏమి ఇప్పించగలదు? నలభై ఏండ్లు పరుల పొలంలో నాట్లు వేసిన స్త్రీకి బాకీపడినవాడు ఆమె కొడుకొక్కడేనా?

కాబట్టి ముసలివారి కథ చేతికి వచ్చినప్పుడు కరుణరసం పండిందా లేదా అని చూచి ఊరుకోకూడదు. ఆమె ఎన్నేండ్లు ఎవరికోసం పనిచేసింది, ఇంటి పట్టా ఎవరి పేర ఉంది, మందుల ఖర్చు ఎవరు పెడుతున్నారు - కథకుడు ఈ సంగతులు చూశాడా అని అడగాలి. చూసిన కథలో ముసలమ్మ జాలికి పాత్రురాలుగా మిగిలిపోదు. తనకు రావలసినదాన్ని అడిగే మనిషిగా నిలబడుతుంది.